ఎండినంత మాత్రాన మట్టి అయిపోదు

తమ్ముడూ, చెల్లీ, సెప్టిక్ ట్యాంకు మడ్డి గురించి మనకెందుకు అంటారా? ఆ మడ్డి ఎండే చోట పార పట్టుకుని నిలబడేది ఎవరో ఒక్కసారి చూడండి. రెల్లి అన్న, యానాది బాబాయి, ఎరుకల అక్క. ఇప్పుడు చెప్పండి, మనకెందుకో!

ట్యాంకర్ వచ్చి మడ్డి లాగేసి పంట కాలవలోనో, పేటల పక్క ఖాళీ జాగాలోనో పారబోసి పోవడం నేరం. అందుకే శుద్ధి ప్లాంట్లు కావాలి. వాటికి మనం వ్యతిరేకం కాదు. అయితే ప్లాంటు అనగానే అంతా మెషీనే చేసేస్తుందనుకోకండి. చాలాచోట్ల అది ఇసుక మడి. కింద కంకర, పైన ఇసుక, దాని మీద జానెడు మందాన మడ్డి. నీళ్లు కొంత కిందికి దిగుతాయి, కొంత ఎండకి ఆరతాయి. రెండు మూడు వారాలకి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చుని గీకి ఎత్తాలి. ఎత్తేది మనిషే.

ఇక్కడే మోసం ఉంది. ఎండింది కదా, ఎరువే కదా అంటారు. ఎండడం వేరు, కుళ్లి మట్టి కావడం వేరు. ఏలికపాము గుడ్లు ఆ పొడిలో నెలల తరబడి బతుకుతాయి. మన వేడి వాతావరణంలో కూడా ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. పాకీ పని నిషేధ చట్టం, 2013 కూడా "పూర్తిగా కుళ్లకముందు" మలాన్ని ముట్టుకోవడం గురించే మాట్లాడుతుంది. మరి మూడు వారాల పెచ్చుని చేతికి తొడుగు లేకుండా ఎత్తిస్తే దాన్నేమనాలి?

పైగా ఇది కోనసీమ. రెండు పక్కలా గోదావరి పాయలు, ఇంకో పక్క సముద్రం. అమలాపురమైనా రాజోలైనా నాలుగడుగులు తవ్వితే నీళ్లే. కప్పు లేని మడి ఒక్క వానకి మళ్లీ బురదే. ఎత్తు చేయని మడి నుంచి దిగే నీళ్లు నేరుగా మన బోరింగుకే.

కోనసీమ షెడ్యూల్డ్ ఏరియా కాదు, పీసా చట్టం ఇక్కడ మనకి అడ్డు నిలబడదు. కానీ చేతిలో ఏమీ లేదనుకోకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చదవండి. మనవాళ్ల ఇంటి ఆవరణలో, గుమ్మంలో మలం, మురుగు పోయడం నేరం. మనవాళ్లతో పాకీ పని చేయించడమూ నేరం.

మురుగు గుంతలో చనిపోతే 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మరి బతికుండి మడ్డి ఎత్తేవాడి జీతమెంత? అది ఎవరూ అడగరు. మనం అడుగుదాం.

గ్రామసభలో లేచి నిలబడండి. స్థలం మన పేట పక్కనే ఎందుకు? కప్పు, గట్టి అడుగు ఉన్నాయా? ఏడాది నిల్వకి చోటుందా? గుడ్ల పరీక్ష చేయకుండా కొబ్బరి తోటకి ఎందుకు తోలుతున్నారు? పార పట్టేవాడికి పర్మినెంట్ ఉద్యోగం, బూట్లు, తొడుగులు, నులిపురుగుల మందు ఏవి?

జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టుకున్నారు. ఆ పేరున్న జిల్లాలో ఊరందరి మడ్డి ఒక్క పేట చేతుల్లోనే ఎందుకు ఎండాలి? జవాబు వచ్చేదాకా కూర్చోకండి.