మన బ్లాక్ ప్రతినిధిని మన బ్లాకే ఎన్నుకోవాలి

హైదరాబాద్‌లోని మన గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్ ఓనర్లకు మనవి

పోయినసారి జనరల్ బాడీ మీటింగ్ గుర్తుందా? క్లబ్‌హౌస్ హాల్లో ఒకపక్క ఇడ్లీ, వడ సర్దుతున్నారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి పది పేర్లు గబగబా చదివి, "అందరికీ ఓకేనా?" అన్నారు. ముందు వరుసలో చప్పట్లు మోగాయి. పది బ్లాకులకూ ప్రతినిధులు వచ్చేశారు!

తమ ప్రతినిధి ఎవరో సి బ్లాక్ వాళ్లకు మర్నాడు లిఫ్టు పక్కన కాగితం అంటించాకే తెలిసింది. ఆయన ఉండేది బెంగళూరులో; ఇక్కడి ఫ్లాటు అద్దెకిచ్చారు. తర్వాత అదే లిఫ్టు పదకొండు రోజులు ఆగిపోయింది. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ ఎనిమిదో అంతస్తు దిగలేకపోయారు. ఆయన మంచివారే. కానీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది సి బ్లాక్ కాదు కనుక, సి బ్లాక్‌కు జవాబు చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

పదో శతాబ్దంలోనే తమిళనాట ఉత్తరమేరూరులో ఊరిని 30 వాడలుగా విడగొట్టి, వాడవాడకూ విడిగా తాటాకుల మీద పేర్లు రాసి, కుండలో వేసి తీసేవారు. పదవిలో ఉండి లెక్క చెప్పనివాడికీ, అతని దగ్గరి బంధువులకూ అవకాశం లేదని గుడి గోడ మీద చెక్కించారు. మనకేమో నోటీసు బోర్డు మీద కూడా అంత మాట లేదు.

2016 నాటి రెరా చట్టం ఓనర్ల సంఘం ఏర్పాటులో పాల్గొనడాన్ని కొనుగోలుదారుల బాధ్యతగా చెప్పింది. సంఘం పెట్టుకున్నాం, ఇక దాన్ని మనదిగా నడుపుకోవాలి. అందుకు మా ప్రతిపాదనలు:

1. ఏ బ్లాకు ప్రతినిధికి ఆ బ్లాకు ఓనర్లే ఓటెయ్యాలి. ఫ్లాటుకు ఒక్క ఓటు.
2. చేతులెత్తడం వద్దు. చీటీ, పెట్టె ఉంటే పక్కింటివారి మొహమాటం ఉండదు.
3. పోటీ చేసేవారు ఆ బ్లాకులోనే కాపురముండాలి.
4. అమెరికాలోనో మరోచోటో ఉన్న ఓనర్లకు ఆన్‌లైన్ ఓటు ఇవ్వాలి.
5. ప్రతినిధి మూడు నెలలకోసారి బ్లాకు మీటింగ్ పెట్టి పనులు, ఖర్చులు చెప్పాలి.

"పోటీ పెడితే గొడవలు, పైగా నిలబడేవాళ్లేరీ?" అంటారు. నెల ముందు నోటీసిచ్చి ఎప్పుడైనా పేర్లు అడిగామా? ఒక్కరే ముందుకొస్తే ఏకగ్రీవమే, సంతోషం.

బైలాస్ సవరించుకోవాల్సింది జనరల్ బాడీలోనే. ఈ ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్ మెట్ల దగ్గర ఉంటాం, వచ్చి సంతకం పెట్టండి. వచ్చే మీటింగ్‌లో ఈ తీర్మానం చదివే వేళకు మాత్రం టిఫిన్ బల్ల వదిలి హాల్లోకి రండి.

ఇట్లు,
కొందరు ఫ్లాట్ ఓనర్లు