మన కథల్ల రాకెట్లు ఉండొద్దా?

పోయిన భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి రాసిన. ఈసారి పుస్తకాల గురించి. తిండి ముచ్చట కాదు గదా అని జారుకోకండ్రి, కోపం అంతే ఉన్నది.

మా కాలేజీలో డిగ్రీ ఫైనలియర్ చదివే తమ్ముడొకడు ఉన్నడు. కోరుట్ల పిల్లగాడు. తల్లి బీడీలు చేస్తది. అమ్మమ్మ ఊరు సిరిసిల్ల దిక్కు, మిడ్ మానేరులో మునిగిన ఊళ్లలో ఒకటి. చిన్నప్పుడు సెలవులకు పోయిన వాకిలి ఇప్పుడు నీళ్ల కింద ఉన్నది. నిరుడు వాడు ఒక పెద్ద కథ రాసి తెచ్చిండు. తెల్ల కాగితాలు, రెండు దిక్కులా రాత, తొంభై పేజీలు.

కథ ఇది. రిజర్వాయర్ నిండుతున్నది, ఊరు ఖాళీ అయింది. మాదిగవాడలో కొందరు మాత్రం కదల్లేదు. ఇంటి జాగకు కాగితం లేదు గనక వాళ్ల పేర్లు పరిహారం లిస్టులో లేవు. లిస్టులో లేనోళ్లను ఖాళీ చేయించాలని ఎవ్వరికీ తోచలేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినయి, మెడ దాకా వచ్చినయి, తల దాటినయి. వాళ్లకు చెవుల కింద చేపలకున్నట్టు మొప్పలు మొలిచినయి. యాభై ఏండ్ల తర్వాత సర్కారుకు నీళ్ల అడుగున్న భూమి అవసరం పడ్డది. సర్వేయర్లు సిలిండర్లు కట్టుకొని, గొలుసులు పట్టుకొని కిందికి దిగిన్రు. కింద వాడలో డప్పు మోగుతున్నది. నీళ్లలో డప్పు చప్పుడు ఎట్లుంటదో వాడు ఒకటిన్నర పేజీ రాసిండు. తెలుగులో డాక్టరేట్ ఉన్నోన్ని, అసొంటి పేజీ నాతోని కాదు.

నేనే టైపు చేయించి ఒక చిన్న ప్రచురణ సంస్థకు పంపిన. మనవాళ్లదే. పేరు రాయను. వాళ్ల పుస్తకాలు క్లాసులో చెప్పిన, ఇంకా చెప్తనే ఉంట. రెండు నెలలకు ఫోన్ వచ్చింది. "భాష మస్తున్నది సార్. కానీ ఈ మొప్పలెందుకు? ముంపులో నిజంగ ఏం జరిగిందో రాయమనండి. తల్లి బీడీల గురించి రాయమనండి, వెంటనే వేస్తం."

తర్వాత సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణమిచ్చే ఇంకొకాయనకు చూపించిన. ఆయనకు మొప్పలు నచ్చినయి. పరిహారం లిస్టు నచ్చలేదు. ఆ కులం గొడవ తీసేస్తే కథ ఎక్కడికో పోతది అన్నడు.

రెండు జవాబులూ తమ్మికి చెప్పిన. కొంచెంసేపు ఊకున్నడు. "సార్, మన కథల్ల రాకెట్లు ఉండొద్దా?" అన్నడు. వాడి కథలో రాకెట్ లేనే లేదు. అయినా అడిగింది నాకు అర్థమైంది.

రెండో ఆయనతో నాకు పెద్ద పంచాయితీ లేదు. కులం తీసేసి తెమ్మనేటోళ్లను పుట్టినప్పటి సంది చూస్తున్నం. నా తగాదా మొదటి ఆయనతోని, అంటే మనతోని. కొంత నాతోని గూడ.

అనుభవం మనకు ఊరికే రాలేదు. 1995లో 'చిక్కనవుతున్న పాట', ఏడాది తిరిగేసరికి 'పదునెక్కిన పాట' వచ్చినయి. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు' అని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పెద్ద పత్రికలు, పెద్ద ప్రచురణకర్తలు తలుపు తీయనప్పుడు చిన్న సంస్థలు, చందాలు, అప్పులు, అర్ధరాత్రి ప్రూఫులు దిద్దిన చేతులు ఆ పని చేసినయి. మా బతుకు మేమే చెప్తం, మీరు చెప్పింది అబద్ధం అనుడు ఆనాటి అవసరం. ఇయ్యాల్టికీ అవసరమే. కానీ ఆ మాట పట్టుకొని మన పిల్లలకే హద్దు గీసినం. నువ్వు ఏం పడ్డవో అది చెప్పు, ఏం అనుకుంటున్నవో అది మాకొద్దు అంటున్నం. వాళ్లు రాస్తే నవల, మనం రాస్తే వాంగ్మూలం. వాంగ్మూలంలో సాక్షి పని చూసింది చెప్పుడే గదా, మధ్యలో మొప్పలు మొలిస్తే జడ్జి ఒప్పుకోడు. ఆ జడ్జి కుర్చీలో ఇప్పుడు మనమే కూసున్నం.

నా సిద్ధాంత గ్రంథం దళిత కథ మీద. మొన్న తీసి చూసిన. "వాస్తవికత" ప్రతి అధ్యాయంలో ఉన్నది. "ఊహ" అనే మాట ఒక్కచోట దొరికింది, అదీ "కేవలం ఊహ కాదు" అనే వాక్యంలో. డిగ్రీ ఇచ్చిన్రు, తీసుకున్న.

మనం వద్దనుకున్న ఆ ఊహను ఎవరు ఏలుతున్నరో చూడండ్రి. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' తెలుగు అద్భుత కథలకు పెద్ద గని. అందులో కాశీకి నడిచేది ఇద్దరు. మణిసిద్ధుడు బ్రాహ్మడు, ఆయన వెంట పశువులు కాసే పిల్లగాడు. మూట మోసేది పిల్లగాడు, మజిలీ మజిలీకి కథ చెప్పేది మణిసిద్ధుడు. మోసేటోడు అడగాలె, చెప్పేటోడు చెప్పాలె. ఇగ 2024కు రండ్రి. 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. 874 ఏండ్లు ముందుకు పోయి చూస్తే అక్కడ గూడ కాశీయే ఉన్నది, అశ్వత్థామ ఉన్నడు, విష్ణువు పదో అవతారం పుట్టుక కోసం లోకమంతా ఎదురుచూస్తున్నది. అన్ని వందల ఏండ్ల తర్వాత మాల మాదిగలు ఏడున్నరు? బండ్లు గాలిలో ఎగురుతయి, పురాణం మాత్రం ఉన్న కాడనే ఉంటది.

1991లో 'ఆదిత్య 369' వచ్చింది. టైమ్ మిషన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోతరు. చిన్నప్పుడు నాకు మస్తు నచ్చిన సినిమా, ఇప్పుడు టీవీలో వచ్చినా లేవను. కానీ ఒకటి అడుగుత. ఆ మిషన్‌లో మా తాత కూసుంటే ఏ కొలువుకు పోతుండె? కోట గేటు కాడ ఎవరు ఆపుతుండె?

ఆ ప్రశ్నను అమెరికాలో ఒక నల్లజాతి మనిషి ఆ సినిమాకు పన్నెండేండ్ల ముందే అడిగింది. ఆక్టేవియా బట్లర్. తల్లి ఇండ్లల్లో పనిమనిషి. 1979లో 'కిండ్రెడ్' రాసింది. అందులో 1976 నాటి నల్ల యువతి కాలంలో వెనక్కి పోతది, పోయి బానిసల తోటలో పడ్తది, కొరడా దెబ్బలు తింటది, చివరికి ఒక చెయ్యి పోగొట్టుకొని ఇల్లు చేరుతది. కాలంలో ప్రయాణం అందరికీ ఒక్క తీరుగ ఉండదని ఆమె ఒక్క కథతోని తేల్చింది. బానిసల ఆత్మకథలు ఆమెకంటే వంద ఏండ్ల ముందు నుంచే అచ్చులో ఉన్నయి. అవి చదివే ఆమె ఈ నవల రాసింది. మరి ఆమెను "ఊహలొద్దు, మీ అమ్మ పనిమనిషి బతుకు రాయి" అని ఆపి ఉంటే?

ఊహ మనది కాదు, చదువుకున్నోళ్ల ఆట అనేటోళ్లకు ఒక్క మాట. జాంబపురాణం ఎవరిది? డక్కలోళ్లు పటం విప్పి, చిందోళ్లు వేషం గట్టి మాదిగవాడల్లో చెప్పిన కథ. ఈ భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టిండు అంటది. లోకం ఎట్ల తయారైందో అందులో బ్రాహ్మడితోని వాదన పెట్టుకుంటడు. భూమి లేనప్పటి సంగతి చెప్పే కథను ఏ లెక్కన "వాస్తవికత" అంటరు? సిరిసిల్ల పద్మశాలీలనడగండ్రి, కూనపులోళ్లు పటం పెట్టి మార్కండేయ పురాణం చెప్తే భావనారుషి పులి మీద వస్తడు, తామర తూడుల నుంచి నూలు తీస్తడు. మగ్గం నేసే చేతుల గురించి కథ గావాలంటే ఆకలి చావుల రిపోర్టు ఒక్కటే దారి కాదని వాళ్లకు ఎప్పుడో తెలుసు. మన తాతలు ఊహకు సిగ్గుపడలేదు. యూనివర్సిటీకి పోయినంక మనకే సిగ్గు మొదలైంది.

ఇగ చిన్న ప్రెస్సుల సంగతి. సైన్స్ ఫిక్షన్ అంటే పెద్ద కంపెనీల, పెద్ద పెట్టుబడుల యవ్వారం అనుకుంటున్నం. ఐజాక్ అసిమోవ్ 'ఐ, రోబో' 1950లో, 'ఫౌండేషన్' 1951లో పుస్తకాలైనయి. రెండూ వేసింది నోమ్ ప్రెస్ అనే చిన్న సంస్థ, పెట్టింది ఈ కథల పిచ్చి ఉన్నోళ్లు. బట్లర్ 'పారబుల్ ఆఫ్ ది సోవర్' 1993లో వేసింది గూడ న్యూయార్క్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థే. ఆ బట్లర్ మీద వచ్చిన వ్యాసాలు, లేఖల సంకలనం 'లూమినెసెంట్ థ్రెడ్స్' 2017లో ఆస్ట్రేలియా చిన్న ప్రెస్ ఒకటి వేసింది. దాని ఇద్దరు సంపాదకుల్లో మిమి మండల్ బెంగాల్ దళిత రచయిత్రి. మరుసటేడు అది హ్యూగో అవార్డు తుది జాబితాకెక్కింది. చెన్నైలో బ్లాఫ్ట్ వాళ్లు కుల వ్యతిరేక సైన్స్ ఫిక్షన్ కథలను ఒక్క పుస్తకంగా ఇంగ్లీషులో తెచ్చిన్రు. తెలుగులో అసొంటి పుస్తకం నా చేతికి రాలేదు. ఒకప్పుడు ఈ తీరు కథలకు వారపత్రికల సీరియళ్లు ఉండేవి, అవి ఒక్కొక్కటి మూతపడ్డయి. మిగిలింది సినిమా, చిన్న ప్రెస్సు. సినిమాకు కోట్లు గావాలె.

రోహిత్ వేముల ముచ్చట తీసుకురావాలంటే నాకు చెయ్యి ఆడదు. కానీ తీయక తప్పదు. 2016 జనవరి 17 నాటి ఆ ఉత్తరాన్ని మనం పోస్టర్లు చేసినం, గోడలకు అంటించినం. అందులో ఆయన ఏం కావాలనుకున్నడో రాసుకున్నడు. కార్ల్ సేగన్ లాగా సైన్స్ రాసే రచయిత కావాలనుకున్నడు. నక్షత్రాల గురించి రాసుకున్నడు. కులం గురించి ఆయన మాటలు మనకు నోటికి వచ్చు. నక్షత్రాల మాట దగ్గర మనం ఎందుకు ఆగలేదు? ఆయన తర్వాత వచ్చిన పిల్లగాడు నీళ్ల కింద వాడను ఊహించుకొని వస్తే, మీ అమ్మ బీడీల సంగతి రాయి పో అని పంపినం.

పైసలు లేవు అంటరు. నిజమే, లేవు. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ దగ్గర గూడ లేకుండె. ఫోటో స్టూడియో నడిపిండు, బొమ్మలేసిండు, కవితలూ బొమ్మలూ కలిపి ఎగ్జిబిషన్లు పెట్టిండు, సంకలనాలు తెచ్చిండు. 1993లో క్షయతోని పోయేనాటికి 39 ఏండ్లు. ఆయన పేరు మీద సభలు పెట్టుకునే ఊళ్లో పుస్తకం వేయలేం అంటే నేను నమ్మను.

లెక్క చూసిన. 112 పేజీల పుస్తకం, డిజిటల్ ప్రింట్, 200 కాపీలు. నాకు చెప్పిన రేటు కాపీకి 70 రూపాయలు, అంటే 14,000. తలా 500 వేస్తే 28 మంది చాలు. ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో పైసా కట్టే పని లేదు, ఆన్‌లైన్‌లో అప్లై చేసుడే. కష్టమంతా అమ్మకంలోనే. షాపులో పెడితే కమీషన్‌కే పెద్ద వాటా పోతది. 2024 డిసెంబర్‌లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేసిన్రు, చిన్న ప్రచురణకర్తలంతా మొత్తుకున్నరు, 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి పెట్టిన్రు. అందుకే మొదటి 200 పోస్టులో పంపం. చేతికి చేతికి ఇస్తం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్లు, బీడీ కార్ఖానా గల్లీలు, మరమగ్గాల షెడ్లు. 28 మందిలో ఇప్పటికి 19 మంది దొరికిన్రు.

ఫోన్ చేసిన ప్రచురణకర్త అన్న ఇది చదువుతడని నాకు తెలుసు. అన్నా, మీరు వేసిన పుస్తకాలతోనే నేను మనిషినైన. కోపం తెచ్చుకోకుండ్రి, తెచ్చుకున్నా మంచిదే, ఫోన్ చేయండ్రి. కథ ఇంకా మీ మెయిల్‌లనే ఉన్నది. మొప్పలు తీయం.

ముఖచిత్రం సిరిసిల్ల పిల్లగాడొకడు గీస్తున్నడు, రాత్రి షిఫ్టు మగ్గం మీద పని, పగలు బొమ్మలు. ప్రూఫులు దిద్దేటోళ్లు ఇద్దరు గావాలె, యాసను "సరి" చేయని వాళ్లు. వచ్చే రెండో ఆదివారం జగిత్యాలలో కూసుంటున్నం, జాగ కామెంట్ల పెడ్త. దయ్యాలు, గ్రహాలు, రోబోలు, ఏం రాసినా తెచ్చుకోండ్రి. చేతిరాత అయినా నడుస్తది.

జై భీమ్.