లక్ష్మీనరసమ్మకు పది గళ్ళు చాలవా?

రెండేళ్ళ క్రితం నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారానికి నేనొక ప్రోగ్రాము వ్రాసి ఇచ్చాను. పనివారి వారపు కూలి చీటీలను తెలుగులో అచ్చువేయడం దాని పని. చీటీ వెడల్పు తక్కువ గనుక పేరును పది అక్షరాల వద్ద కత్తిరించమని ముద్రణ ప్రమేయానికి చెప్పాను. దానికి యూనిట్ టెస్టులు కూడా వ్రాశాను. అన్నీ నెగ్గాయి. ఉప్పల్‌లోని మా ఇంటికి వచ్చి నిశ్చింతగా నిద్రపోయాను.

మొదటి శనివారమే ఇద్దరికి ఒకే పేరుతో చీటీలు వచ్చాయి. వారి అసలు పేర్లు ఇక్కడ వ్రాయను. లక్ష్మీనరసమ్మ, లక్ష్మీనరసయ్య అనుకోండి. రెండు చీటీల మీదా 'లక్ష్మీనరస' అనే ఉంది. ఆమె కూలి అతనికి, అతని కూలి ఆమెకు పోయింది. ఆమె అదనంగా పనిచేసిన గంటల డబ్బు తిరిగి చేతికి రావడానికి వారం పట్టింది. "మా పేర్లు మీ మిషనుకు బరువైనాయా సారూ?" అని ఆమె అడిగింది. నేను తల దించుకున్నాను.

జరిగినదేమిటో చెప్పడం సులభం. లక్ష్మీనరసమ్మలో మన కంటికి కనిపించే అక్షరాలు ఆరు: ల, క్ష్మీ, న, ర, స, మ్మ. యంత్రానికి అవి ఆరు కావు. హల్లును, పొల్లును, గుణింతపు గుర్తును యూనికోడు విడివిడి సంకేతాలుగా దాస్తుంది. అట్లా లెక్కిస్తే పదమూడు. నేను 'పది అక్షరాలు' అన్నాను, అది 'పది సంకేతాలు' అని విన్నది. ఉప్పల్‌నే తీసుకోండి: అక్షరాలు మూడు, సంకేతాలు ఆరు, యూటీఎఫ్-8లో బైట్లు పద్దెనిమిది. నాచారం లెక్కా అచ్చంగా ఇదే. సీ భాషలోని ప్రింట్‌ఎఫ్ అయితే బైట్లనే లెక్కపెడుతుంది. ఉప్పల్‌ను పది బైట్ల వద్ద తెంచమంటే మూడు సంకేతాలు ఇచ్చి, నాలుగోదానిలో మూడో వంతు కూడా విసిరేస్తుంది.

ఇందులో యంత్రం తప్పు లేదు. తప్పు నా టెస్టులలో ఉంది. వాటిలో నేను పెట్టిన పేర్లు జాన్, స్మిత్, రోమను లిపిలో! తెలుగు చీటీలను అచ్చువేసే ప్రమేయాన్ని ఒక్క తెలుగు పేరుతోనైనా పరీక్షించని తెలుగువాడిని నేను. ఈ నేరంలో నేను ఒంటరిని కానని నా అనుమానం. మిత్రులారా, మీ టెస్టులు ఒకసారి తెరచి చూసుకోండి.

"నా తెర మీద బాగానే కనిపిస్తోంది కదా" అంటారు కొందరు. కనిపించడం పరీక్ష కాదు. పైథాన్ 2లో లినక్సు టెర్మినల్ మీద చక్కగా కనిపించిన తెలుగు వాక్యాన్నే ఒక ఫైలులోకి మళ్ళిస్తే, ఆస్కీలో ఇమడదంటూ ప్రోగ్రాము కూలిపోయేది. తెర ఏ ఎన్‌కోడింగులో ఉందో దానికి తెలుసు, ఫైలు సంగతి తెలియదు. కళ్ళతో చూసి సంతృప్తిపడేవాడికి ఈ తేడా ఎన్నటికీ దొరకదు.

"పెద్ద సంస్థలు చూసుకుంటాయి" అంటారు ఇంకొందరు. 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోండి. 'జ్ఞా' అక్షరం నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరితే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనులలో ఆ సందేశం తెరచిన యాప్ కుప్పకూలింది. ఆ వరుస ఆపిల్ పరీక్షల వలలో పడలేదన్నది స్పష్టం. అయితే తరువాత వారు చేసిన పని గమనించండి. అప్పటికే బీటాగా ఉన్న 11.3లో ఈ దోషం లేదు. అది వచ్చేదాకా ఆగండని వారు అనలేదు. ఫిబ్రవరి 19న 11.2.6గా దిద్దుబాటును పాత శాఖకే తెచ్చి ఇచ్చారు. బ్యాక్‌పోర్ట్ అంటే అదే.

నా రెండో వాదం దీని గురించే. కర్మాగారంలోని కంప్యూటరు ఎక్స్‌పీ. పైథాన్ 3.5 మొదలు కొత్తవేవీ దాని మీద నడవవు. "ఆ డొక్కు పారేసి కొత్తది కొనమను" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆ ఖర్చు చివరికి ఎవరి కూలిలోంచి పోతుందో అతనికి అక్కరలేదు. భాషను తీర్చిదిద్దినవారికే ఇంత గర్వం లేదు. పైథాన్ 3లో ప్రింటు ప్రమేయంగా మారినప్పుడు, 2008లోనే దానిని 2.6లో కూడా వాడుకునే దారి వారు తెరిచి పెట్టారు.

యూనికోడు సైతం ఒత్తులను విడగొట్టని నియమాన్ని 2023లో, 15.1 కూర్పులో గాని చేర్చలేదు. అంతవరకు దాని లెక్కలో ఉప్పల్ నాలుగు ముక్కలు. ఆ నియమం తెలుగు వరకు చిన్నదే: హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే నడుమ తెంచవద్దు. ముప్పై వరుసలలో దానిని పైథాన్ 2.7కు తెచ్చాను. ఈసారి టెస్టులు ముందు వ్రాశాను: పొల్లుతో ముగిసే ఉప్పల్, సున్నతో ముగిసే నాచారం, మూడు హల్లుల క్ష్మీ, విడదీత గుర్తు ఉన్న రాజ్‌కుమార్. చివరగా ఆ రెండు పేర్లు ఒకటి కాకూడదన్న టెస్టు. అక్షరాల వెడల్పులు వేరు గనుక గళ్ళు ఇప్పటికీ కాస్త వంకరగానే ఉన్నాయి. పేర్లు మాత్రం పేర్లుగానే ఉన్నాయి.

ఎక్స్‌పీలో తెలుగుకు బదులు డబ్బాలు కనిపించిన రోజులు మనం మరచిపోలేదు. అప్పుడు మనలను పట్టించుకోలేదని లోకం మీద అలిగాము. ఇప్పుడు ప్రోగ్రాములు వ్రాస్తున్నది మనమే. మన టెస్టులలో మన పేర్లు లేకపోతే అలగవలసింది ఎవరి మీద?