కోయిలకుంట్ల ఖజానాకు తగిన చిత్రము

1855వ సంవత్సరము మే నెల 15వ తేదీ రాత్రి లండను బ్రిడ్జి స్టేషను నుండి ఫోక్‌స్టోను రేవునకు బయలుదేరిన రైలుబండిలో, చబ్ కంపెనీవారి ఇనుప పెట్టెలయందు భద్రపరచి పారిసునకు పంపిన బంగారములో ఇంచుమించు పండ్రెండువేల పౌనుల విలువగల భాగము నడిత్రోవలో మాయమై, తూకము సరిపోవుటకై దాని స్థానమున సీసపు గుండ్లు చేరియుండెను. ఈ దొంగతనము నాధారముగా గొని మైకేల్ క్రైటన్ 1975లో నవల వ్రాసి, పిదప తానే దర్శకుడై, షాన్ కానరీ, డోనాల్డ్ సదర్లాండులను నటులుగా గ్రహించి తీసిన ‘ది ఫస్ట్ గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ అను చిత్రము వెలువడి నలుబదియైదేండ్లు దాటినది. గడచిన కాలపు నేరమును తెరమీద ఎట్లు చూపవలెనో తెలియగోరువారికి నేటికిని అదియే ప్రమాణమని నా విశ్వాసము.

పరుగిడుచున్న బండి కప్పుపై కానరీ స్వయముగా సాహసించి నడచిన ఘట్టమును అందఱును పొగడుదురు; పొగడదగినదే. కాని ఆ చిత్రపు ప్రాణము నాలుగు తాళపుచెవులలో నున్నది. రెండు చెవులు రైల్వే కచేరిలోను, ఒకటి బ్యాంకు అధిపతి ఇంటను, వేరొకటి మేనేజరు మెడలోను ఉండగా, ఒక్కొక్కదానిని వెదకి, మైనపు బిళ్లలపై వాని అచ్చు తీసికొనుటయే కథలో సగము. స్టేషను కావలివాడు కొద్ది క్షణములు ప్రక్కకు తొలగిన యెడమున, ఆ కచేరి లోపల బీరువా తలుపు తెరచి, చెవులను మైనమున నొక్కి, మరల యథాస్థానమున తగిలించి బయటపడు ఘట్టమును ఊపిరి బిగబట్టక చూచుట యెవ్వరి తరమును గాదు. ఈ చిన్న చిన్న పనుల వెనుక, గ్యాసు దీపముల వెలుగులో, పెద్దమనుష్యుల కపట మర్యాదలు, పేదవాని బ్రదుకు చౌకతనము, ఆ నగరపు నిజస్వరూపము సమస్తమును మన కన్నుల యెదుట నిలుచును. క్రైటన్ చరిత్రను అక్షరశః పాటింపలేదు. ఆ బంగారమును క్రిమియా యుద్ధమున పోరు సైనికుల జీతముల సొమ్ముగా మార్చెను, నాయకుని న్యాయస్థానపు వాకిటనే తప్పించి పంపెను. ఆ స్వాతంత్ర్యమును నేను తప్పుపట్టను. నేరము ఎట్లు జరిగినదో చూపుటలో అతడు చూపిన శ్రద్ధయే నాకు ముఖ్యము.

ఇక మన సీమకు వత్తము. నంద్యాలలో ఎఱ్ఱగుంట్ల వైపు పోవు రైలెక్కినచో, బనగానపల్లె దాటిన పిమ్మట కోయిలకుంట్ల, సంజామల, నొస్సము అను స్టేషనులు వరుసగా వచ్చును. 2016లో ప్రారంభమైన ఈ మార్గమునకు ఇరుప్రక్కల నున్న నల్లరేగడి చేలే, లండను నేరమునకు తొమ్మిదేండ్ల ముందు జరిగిన వేరొక నేరమునకు రంగస్థలము. ఈస్టిండియా కుంపిణీవారి కాగితములలో అది నేరమే గదా! 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ధారపోసిన పిదప, థామస్ మన్రో పాళెగాండ్రను అణచి, వారి వంశములకు తవర్జీలను నెలసరి భరణములు ఏర్పాటుచేసెను. నేడు ఆళ్లగడ్డ నియోజకవర్గములో చేరిన ఉయ్యాలవాడ ప్రాంతపు నరసింహారెడ్డికి, అట్టి యేర్పాటుననుసరించి, నెలకు ముట్టుచుండినది పదునొకండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. మాతామహుని నొస్సము జమీ పోయినది, ఆ వంశపు తవర్జీ ఆగినది, మిగిలిన ఈ కొద్దిపాటి సొమ్ము కొఱకు ఖజానాకు మనిషిని పంపగా తహసీలుదారు అవమానించి త్రిప్పి పంపెనని రేనాడను ఈ ప్రాంతపు జనులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. 1846 జూలైలో రెడ్డి బోయలను, ఊరి కావలివారైన కట్టుబడులను వెంటబెట్టుకొని కోయిలకుంట్ల ఖజానాపై పడెను. అచట దొరికినది 805 రూపాయల పది అణాల నాలుగు పైసలని చరిత్రకారులు ఉటంకింతురు. లెక్కవేసి చూడుడు: తన తవర్జీలో ఆరేండ్ల మొత్తమునకైనను అది చాలదు.

ఇంత చిన్న సొమ్ముకు అంత పెద్ద తిరుగుబాటేల కలిగెను? ఈ ప్రశ్నలోనే ఒక మహాచిత్రము దాగియున్నదని నేను నమ్ముచున్నాను.

2019 అక్టోబరు 2వ తేదీన విడుదలయైన ‘సైరా నరసింహారెడ్డి’ ఈ ప్రశ్న దగ్గఱ నిలువలేదు. ఆ చిత్రము వలన రేనాటి వీరుని పేరు దేశమంతట మ్రోగినది. అందుకు చిరంజీవిగారికిని, దర్శకుడు సురేందర్‌రెడ్డిగారికిని, ఏండ్ల తరబడి ఆ కథను మోసిన పరుచూరి సోదరులకును ఈ సీమవాసులు ఋణపడియున్నారు. కాని, ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు చెప్పు కథగా దానిని ఆరంభించుట యెందులకు? కోయిలకుంట్ల వీరునికి ఝాన్సీ సాక్ష్యము కావలెనా? యుద్ధఘట్టములను జార్జియా దేశమునకు పోయి తీసిరి. అచటి పచ్చికబయళ్లు అందమైనవే. కాని రేగడి చేను వేసవిలో మోకాటి లోతున నెఱ్ఱెలు విచ్చుటయు, వాన పడిన మరునాడు బండిచక్రమును కదలనీయకుండుటయు, నల్లమల అంచున చెంచుల దారులు మాయమగుటయు వాని యందెట్లు కనబడును? కుంపిణీ సేనలను నెలల తరబడి త్రిప్పలు పెట్టినది ఈ భూమియే గదా. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో విగ్రహమును మలచుటలో అందెవేసిన చేతులవారు. వారి విగ్రహము గుడికి శోభ. చిత్రమునకు మాత్రము ఆకలి, అవమానము, లెక్కాచారము తెలిసిన మనుష్యుడు కావలెను.

మన సీమను తెర చూపిన రెండవ విధము ఇంతకన్న దుఃఖకరము. ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని ఎన్నియో చిత్రములు కొడవళ్లను, బాంబులను చూపి నంద్యాల, ఆళ్లగడ్డల పేరు వినినంతనే పరప్రాంతీయుడు ఉలిక్కిపడునట్లు చేసినవి. వాని గూర్చి ఇంతకన్న వ్రాయనక్కఱలేదు.

ఈ రెండు నేరములకును పడిన శిక్షలను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు నా మనస్సు కలతపడును. లండను దొంగలలో ముఖ్యుడైన ఏగర్ వేరొక నేరముపై శిక్షితుడై యుండగా, తన స్త్రీకి చేరవలసిన సొమ్మును తోడుదొంగయైన పియర్సు దిగమ్రింగెనని తెలిసి సర్వమును బయటపెట్టెను. 1857 జనవరిలో విచారణ జరిగి, పియర్సునకు రెండేండ్ల కారాగారము, రైలు ఉద్యోగులైన బర్జెసు, టెస్టరులకు పదునాలుగేండ్ల ద్వీపాంతరవాసము విధింపబడినవి. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జుఱ్ఱేరు ఒడ్డున బహిరంగముగా ఉరితీసి, ఆతని శిరస్సును 1877 వఱకు, అనగా ముప్పదియేండ్లు, ఉరికొయ్యకు వ్రేలాడనిచ్చిరి. ఉరితీసిన వాని కళేబరమును సంకెళ్లతో వ్రేలాడదీయు ఆచారమును ఇంగ్లండు పార్లమెంటు 1834లోనే రద్దుచేసినది! తమ దేశమున అనాగరికమని త్రోసిపుచ్చినదానిని, పదుమూడేండ్ల తరువాత, రేనాటి పల్లెల కండ్లకు ఎదురుగా నిలిపిరి. లండనులో పోయినది బంగారము గనుక చట్టము చాలెను. కోయిలకుంట్లలో పోయినది కుంపిణీ పరువు. దానికి భయమే కావలసివచ్చెను. ఈ వ్యత్యాసమును ఏ సంభాషణమును అక్కఱలేకయే ఒక్క చిత్రము చూపగలదు.

ముడిసరకు లేదని సినిమావారు సాకు చెప్పుటకు వీలులేదు. నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును ప్రచురించెను. 1858కి ముందు కోయిలకుంట్ల కడప జిల్లాలోనిది గనుక, ఆ జిల్లా దస్త్రములను తిరుగవేయవలెను. రెడ్డిపై పాడిన జానపద గేయములు నేటికిని రేనాట నోళ్లలో నానుచున్నవి. అన్నిటికిని మించి కట్టుబడుల కథ కలదు. ఊరికి కావలి కాసినందులకు తాతల నాటినుండి అనుభవించిన మాన్యములను కుంపిణీ లాగికొనగా, నిన్నటి కావలివాడు నేడు దోపిడికాడై రెడ్డి వెంట నడచినాడు. క్రైటన్ చూపిన తాళపుచెవుల వలె ఇచట చూపవలసినవి ఈ మాన్యపు పట్టాలు. ఎవని చేతినుండి ఏ పట్టా జారినదో, ఆ రాత్రి ఎవడు ఏ వాకిట నిలిచెనో, వడ్డె ఓబన్న వంటి అనుచరులు ఏ త్రోవన కొండ చేరిరో చూపినచో, ప్రేక్షకుడు యుద్ధభేరీలను కోరడు.

రెడ్డితోపాటు వందలకొలది మంది పట్టువడి విచారింపబడిరి. కొందఱు విడుదలయైరి, కొందఱు ఏండ్లకొలది ఖైదు ననుభవించిరి. ఈ కథను తీయబూనిన దర్శకుడు ఖజానా గుమ్మమున తవర్జీ అడిగి తలవంచుకొని మరలిన సేవకునితో ఆరంభించి, ఈ విచారణలో ముగింపవలెను. కుంపిణీ కమిషనరు దుబాసి నోట అడిగించిన ప్రశ్నలకు బోయలు, కట్టుబడులు చెప్పిన జవాబులు తెలుగులోనే కదా ఉండియుండును. ఆ జవాబులను తెరమీద, పుస్తకభాషలో గాక, ఆళ్లగడ్డ సంతలో నేడు వినబడు యాసలోనే వినవలెనని నా కోరిక.