రూపాయి పడినా లేచినా కోత మన కూలికేనా?

రూపాయి విలువ తగ్గితే ఎగుమతులు పెరుగుతాయి, ఎగుమతులు పెరిగితే ఆడవాళ్ళకు ఉద్యోగాలొస్తాయి. ఈ పాఠం మనకు 1991 జూలై నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ నెల 1న, 3న రెండు విడతలుగా ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. 21 రూపాయల దగ్గరున్న డాలరు దాదాపు 26 రూపాయలయింది. ఉద్యోగాలు అసలు రాలేదని నేననను. బెంగుళూరు, తిరుపూరు గార్మెంటు ఫ్యాక్టరీల్లో లక్షలమంది స్త్రీలు పనిచేస్తున్నారు. అనంతపురం, చిత్తూరు సరిహద్దు పల్లెల నుంచి వెళ్ళిన మన తెలుగు స్త్రీలూ వాళ్ళలో ఉన్నారు. నా ప్రశ్న వేరు. ఆ ఉద్యోగాల ఖరీదు ఎవరు కడుతున్నారు?

డాలరుకెన్ని రూపాయలన్నది సగం లెక్కే. ఇక్కడ ధరలెంత పెరిగాయి, మన సరుకు కొనే దేశాల్లో ఎంత పెరిగాయి అన్నది కూడా కలిపితే తేలేది నిజ మారకపు రేటు. రూపాయి పదిశాతం పడి, ఇక్కడి ధరలు అక్కడికంటే పదిశాతం ఎక్కువ పెరిగితే ఎగుమతిదారుకు కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. కలిసిరావాలంటే ఇక్కడ ఏదో ఒకటి ధరలతోపాటు పెరగకుండా ఆగిపోవాలి. కరెంటు బిల్లు ఆగదు. దారం ధర ఆగదు. బయటినుంచి తెప్పించే జిప్పులు, మిషన్లు రూపాయి పడగానే ఇంకా ప్రియమవుతాయి. ఇక ఆపగలిగింది ఒక్కటే, మిషను మీద కూర్చున్న మనిషి కూలి. ఆర్థికవేత్తలు 'పోటీ శక్తి' అని గౌరవంగా పిలిచేదానిలో పెద్ద భాగం ఇదే.

ఆ మనిషి ఇంటికి వెళ్ళి చూద్దాం. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. రూపాయి పడితే నూనె ధర పెరుగుతుంది, బస్సు ఛార్జీ పెరుగుతుంది. జీతం కాగితం మీద అంతే ఉంటుంది, దానితో వచ్చే సరుకు తగ్గుతుంది. ఆ తగ్గిన సరుకును ఇంట్లో అందరికీ సర్దేదీ, చివరికి తన కంచంలో తగ్గించుకునేదీ ఎవరో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

పోనీ, రూపాయి బలపడితే? 2007లో అదీ చూశాం. ఏడాది మొదట్లో 44 రూపాయలున్న డాలరు చివరికి 40 లోపుకు దిగింది. ఎగుమతి ఫ్యాక్టరీలు ఆర్డర్లు లేవంటూ పనివాళ్ళను తగ్గించాయి. ప్రభుత్వం ఎగుమతిదారులకు వడ్డీలో రాయితీ ఇచ్చింది, పన్ను వాపసు పెంచింది. పని పోయిన మనిషికి మాత్రం ఇంటిదారి చూపించారు.

కూలి దానంతటది ఆగదు, ఆపుతారు. ధరలు పెరిగినప్పుడు కూలిని నిలబెట్టేది కరువు భత్యం. 2020 ఏప్రిల్ నుంచి గార్మెంటు కార్మికులకు రావలసిన నెలకు 417 రూపాయల భత్యాన్ని కర్ణాటక ప్రభుత్వం వాయిదా వేసింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు బకాయిలతో సహా చెల్లించాలంది. అయినా ఎన్నో ఫ్యాక్టరీలు ఏడాదికి పైగా ఇవ్వలేదు. కరోనాతో ఆర్డర్లు రద్దయిన మాట నిజమే. అయితే ఆ జనవరిలో 71 రూపాయలున్న డాలరు ఏప్రిల్‌కు 76 దాటిందన్నదీ నిజమే. కుదిరిన ఆర్డర్ల మీద డాలరుకు ఐదు రూపాయలు ఎక్కువొచ్చే రోజుల్లో, 417 రూపాయలు ఇవ్వలేమన్నారు!

ఇళ్ళలో కూర్చుని పనిచేసే స్త్రీలకు ఆ భత్యమూ లేదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లోనే పుస్తకం రాశారు. విదేశీ మార్కెట్టుకు సరుకు తయారుచేసే మనిషిని 'గృహిణి' అనీ, ఆమె పనిని తీరిక వేళ కాలక్షేపమనీ ముద్రవేస్తే కూలి ఎంత చవకవుతుందో చూపించారు. ముక్కకింత అని ఇచ్చే కూలికి డాలరు ఎంతున్నా సంబంధం లేదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కరువు భత్యం ఏ సాకుతోనూ వాయిదా పడకూడదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ ముక్కకూలి కూడా ధరలతోపాటు పెరగాలి. ఎగుమతిదారుకు ఇచ్చే ప్రతి రాయితీకి ముందు జీతాల రిజిస్టరు, పీఎఫ్ చెల్లింపు చూపించాలి. రూపాయి పడగానే ధర తగ్గించమని ఒత్తిడి తెచ్చే విదేశీ కంపెనీలను కూడా వదలకూడదు.

ఇవి సాధ్యం కావనేవాళ్ళకు 2016 ఏప్రిల్ గుర్తుచేస్తాను. పీఎఫ్ డబ్బు తీసుకోవడంపై పెట్టిన కొత్త ఆంక్షలకు వ్యతిరేకంగా బెంగుళూరు గార్మెంటు స్త్రీలు వేలసంఖ్యలో రోడ్లమీదకు వచ్చారు. రెండోరోజుకే కేంద్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఆ స్త్రీలకు ఆర్థికశాస్త్రం ఎవరూ నేర్పలేదు. తమ డబ్బు ఎటు పోతోందో వాళ్ళకు తెలుసు. రూపాయి లెక్కలోనూ పోయేది తమ డబ్బేనని ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా, ప్రతి లేసు ఊళ్ళోనూ చెప్పడం మన పని.