పక్కన నిలబడే పెద్దవాడు

1956 ఫిబ్రవరిలో ఒకరోజు అట్లాంటాలో పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ సీనియర్ ఇంటికి ఊళ్లోని నల్లజాతి పెద్దలు వచ్చారు. వాళ్లలో వకీలు, పత్రికా సంపాదకుడు, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఉన్నారు. కబురు పెట్టి పిలిపించింది పాస్టరే. మోంట్‌గోమరీలో జాతి విభజనకు నిరసనగా బస్సుల బహిష్కారం నడిపిస్తున్న ఆయన కొడుకు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ మీదా, ఆ ఉద్యమంలోని మరెందరి మీదా గ్రాండ్ జ్యూరీ నేరం మోపింది. అక్కడ అడుగు పెడితే అరెస్టు ఖాయం. మూడు వారాల కిందటే కొడుకు ఇంటి మీద బాంబు పడింది. అప్పుడు లోపల కోడలూ, మూడు నెలలైనా నిండని మనవరాలూ ఉన్నారు. ఇక అక్కడికి వెళ్లొద్దని నలుగురి చేతా చెప్పించాలని ఆ తండ్రి ఆరాటం.

కొడుక్కి 27 ఏళ్లు. తన వాళ్లంతా జైలుకు వెళ్తుంటే తాను ఇక్కడ ఉండిపోలేనన్నాడు. ఆ మాట వినేసరికి తండ్రికి ఏడుపు ఆగలేదు. ఎవరూ నోరు విప్పని ఆ కాసేపట్లో కొడుకు తన కాలేజీ ప్రెసిడెంటు బెంజమిన్ మేస్ వైపు చూశాడు. మేస్ ఆ కుర్రవాడి పక్షాన గట్టిగా మాట్లాడాడు. తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆ పక్షానికి వచ్చారు. మర్నాడు పొద్దున కింగ్ మోంట్‌గోమరీ బయల్దేరితే, వద్దన్న తండ్రే వెంట వెళ్లాడు.

నల్లజాతి యువకులకు మార్గదర్శనం, నాయకత్వ శిక్షణ అంటూ అమెరికాలో ఈ రోజు ఎన్నో కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాటిలో ఏది పనికొచ్చేదో, ఏది ఫొటోల కోసమో తేల్చుకోవడానికి నేను ఆ గదినే కొలతగా పెట్టుకుంటాను. మేస్ ఆ రోజు పాఠమేమీ చెప్పలేదు. చుట్టూ ఉన్న పెద్దలు భయంతో వెనక్కి లాగుతున్న వేళ, ఆ యువకుడు తీసుకున్న నిర్ణయానికి అండగా నిలబడ్డాడు. దిక్కుతోచని క్షణంలో ఒక కుర్రవాడు తన వైపు చూసేంత నమ్మకం సంపాదించడానికి ఆయనకు పన్నెండేళ్లు పట్టింది.

1944లో కింగ్ మోర్‌హౌస్ కాలేజీలో చేరినప్పుడు అతనికి 15 ఏళ్లు. యుద్ధం వల్ల విద్యార్థులు తగ్గిపోయి, హైస్కూలు పూర్తికాని పిల్లల్నీ పరీక్ష పెట్టి చేర్చుకుంటున్న రోజులవి. నల్లజాతి మగపిల్లల కోసం 1867లో పుట్టిన ఆ కాలేజీకి మేస్ 1940 నుంచి 1967 దాకా అధ్యక్షుడు. మంగళవారం పొద్దున్నే ప్రార్థన మందిరంలో విద్యార్థులతో మాట్లాడేవాడు. ప్రసంగం అయ్యాక కింగ్ వెంట పడి ఆఫీసు గది దాకా వెళ్లి, ఒప్పుకోని విషయాల మీద వాదించేవాడు. ప్రెసిడెంటుతో వాదించగలిగే పదిహేనేళ్ల పిల్లవాడూ, ఆ వాదనకు తీరిక చేసుకునే ప్రెసిడెంటూ ఉన్న చోటు అది. కాలేజీ గేటు దాటితే అవే కుర్రాళ్లు బస్సులో వెనక సీట్లకు పోవాలి. నల్లవాళ్లకు విడిగా సీట్లు వేసిన థియేటర్లకు డబ్బిచ్చి మరీ వెళ్లకండని మేస్ వాళ్లకు చెప్పేవాడు. అవమానాన్ని తప్పించుకోలేని చోట సరే, కొనుక్కోవడం మాత్రం వద్దన్నది ఆయన పట్టుదల.

ఆ పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు. సౌత్ కరొలైనాలో, బానిసలుగా పుట్టిన తల్లిదండ్రులకు పుట్టినవాడు మేస్. ఆయన జ్ఞాపకాల్లో మొట్టమొదటిది 1898 నాటిది. గుర్రాల మీద వచ్చిన తెల్లవాళ్ల గుంపు తండ్రిని ఆపి, టోపీ తీయించి, వంగి వంగి దండాలు పెట్టించింది. అప్పుడు మేస్‌కు నాలుగేళ్లు. నల్లపిల్లల బడి ఏడాదికి నాలుగు నెలలే నడిచేది. పొలం పని వదిలి చదువుకుంటానంటే తండ్రే ఒప్పుకోలేదు. రైళ్లలో పడక బోగీల పోర్టరుగా పనిచేస్తూ చదువు సాగించి, 1935లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది చివర్లో ఆయన మన దేశం వచ్చాడు. మైసూరులో వై.ఎం.సి.ఎ. ప్రపంచ మహాసభ కోసం వచ్చి, వార్ధాలో గాంధీని కలిసి గంటన్నర మాట్లాడాడు. అహింస గురించే కాదు, కులవ్యవస్థ మీద మీరెందుకు యుద్ధం ప్రకటించలేదనీ అడిగాడు. ఆ ప్రయాణంలోనే అంటరాని పిల్లల బడి హెడ్మాస్టరు ఒకాయన మేస్‌ను తన విద్యార్థుల దగ్గరికి తీసుకెళ్లి, అమెరికాలోని అంటరానివాడని పరిచయం చేశాడు. మేస్ మొదట నొచ్చుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే, తన దేశంలో తన స్థానం అదేనని ఒప్పుకోక తప్పలేదు. ఆ హెడ్మాస్టరు చేసింది నాకు చాలా పెద్ద పనిగా కనిపిస్తుంది. మీలాంటివాడే ఇంత చదివి, ఇంత దూరం వచ్చి, మీ ఎదుట నిలబడ్డాడని పిల్లలకు కళ్లారా చూపించాడు.

మేస్ దగ్గర మొదలైన వరస కింగ్‌తో ఆగలేదు. 1963 మే నెలలో బర్మింగ్‌హామ్ వీధుల్లో జాతి విభజనకు వ్యతిరేకంగా బడిపిల్లలు ఊరేగింపు తీశారు. వాళ్లలో ఫ్రీమన్ హ్రబౌస్కీ అనే పన్నెండేళ్ల లెక్కల పిల్లవాడున్నాడు. పోలీసు కమిషనరు బుల్ కానర్ అతని ముఖాన ఉమ్మేశాడు. జైల్లో అయిదు రోజులు పెట్టారు. పిల్లల తల్లిదండ్రులతో కలిసి జైలు దగ్గరికి వచ్చిన కింగ్, ఈ రోజు మీరు చేసింది ఇంకా పుట్టని పిల్లలకు కూడా మేలు చేస్తుందని ఆ పిల్లలకు ధైర్యం చెప్పాడు. ఆ హ్రబౌస్కీ పెద్దయి గణితవేత్త అయ్యాడు. 1992 నుంచి 2022 దాకా మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ కాంపస్‌కు అధ్యక్షుడుగా ఉన్నాడు.

అధ్యక్షుడు కాకముందే ఆయన మొదలుపెట్టిన పని ఒకటుంది. టీవీ వార్తల్లో నల్లజాతి యువకులు ఆటగాళ్లుగానో నేరస్తులుగానో తప్ప కనిపించడం లేదని బాధపడిన రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే బాల్టిమోర్ దాత ఇచ్చిన సొమ్ముతో, 1989లో 19 మంది నల్లజాతి కుర్రాళ్లను సైన్సు, ఇంజనీరింగు చదువులకు తీసుకున్నారు. లక్ష్యం డిగ్రీ కాదు, పీహెచ్‌డీ. తరగతులకు ముందు వేసవిలో ఆరు వారాల శిక్షణ, అందరికీ ఒకే హాస్టలు, చదువంతా గుంపుగానే. తెలివైనవాడు ఒంటరిగా చదువుకుని నెగ్గుతాడన్న నమ్మకాన్ని హ్రబౌస్కీ మొదటే పక్కన పెట్టాడు. పునాది సబ్జెక్టులో సి గ్రేడు వస్తే పాసయ్యాం కదా అని సరిపెట్టుకోనివ్వకుండా మళ్లీ చదివించడం అక్కడి పద్ధతి. ఆ జాలి లేనితనంలోనే నాకు గొప్ప గౌరవం కనిపిస్తుంది. ఈ పిల్లలకు ఇంతకంటే రాదులే అని సర్దుకుపోయే టీచరు ఎంత మెత్తగా మాట్లాడినా ఆ పిల్లల్ని తక్కువ చేస్తున్నట్టే. 2017 నుంచి 2021 దాకా అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న జెరోమ్ ఆడమ్స్ ఈ కార్యక్రమంలో చదివినవాడే. రెండో ఏడాదే ఆడపిల్లలకూ తలుపు తీశారు. ఆ తలుపులోంచి వెళ్లిన కిజ్‌మీకియా కార్బెట్ ఆ తర్వాత మోడెర్నా కోవిడ్ టీకా వెనక ఉన్న పరిశోధనలో ముఖ్య పాత్ర పోషించింది.

మోర్‌హౌస్, మేయర్‌హాఫ్ కార్యక్రమం రెండూ అప్పటికే చదువులో పైకొచ్చిన పిల్లల కథలు. షికాగోలో తుపాకీ చప్పుళ్ల మధ్య బడికి వెళ్లే కుర్రాడి మాట వేరు. అక్కడ 2001లో 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమం మొదలైంది. వారానికోసారి బడి వేళల్లోనే పది పన్నెండు మంది అబ్బాయిలు ఒక కౌన్సెలరుతో వలయంగా కూర్చుంటారు. మొదటి రోజుల్లో ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిలో ఒకడి చేతికి బంతి ఇచ్చి, దాన్ని ముప్పై సెకన్లలో తీసుకోమని రెండోవాడికి చెబుతారు. గుంజులాట, పెనుగులాట, పిడికిలి విప్పడానికి నానా ప్రయత్నాలూ జరుగుతాయి. అంతా అయ్యాక కౌన్సెలరు, ఒక్కరైనా బంతి ఇవ్వమని అడగలేదేమని అడుగుతాడు. అడిగితే ఇచ్చేవాడేమీ కాదని ఒకడంటే, అడిగితే ఇచ్చేవాణ్ణేనని రెండోవాడంటాడు. వీధిలో చెయ్యి ఎత్తకపోతే బతకలేని పిల్లలకు ఆ ప్రతిచర్య ఎక్కడ అవసరమో, ఎక్కడ చేటో ఆలోచించే ఒక్క క్షణం వ్యవధి నేర్పడమే ఆ పని. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు లాటరీ పద్ధతిలో పిల్లల్ని రెండు గుంపులుగా చేసి పరీక్షించారు. కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. కార్యక్రమం అయిపోయాక మాత్రం అరెస్టుల్లో ఆ తేడా నిలవలేదు. ఈ రెండో మాటను దాతలు ఎక్కువసార్లు చదవాలని నా కోరిక. పిల్లవాడికి పెద్దవాడు అవసరమయ్యేది ఒక విద్యాసంవత్సరం మాత్రమే కాదు.

మరి ఆ పెద్దవాళ్లెక్కడ? ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపిన రెండేళ్లకు, 2014 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు ఒబామా ఇలాంటి యువకుల కోసం 'మై బ్రదర్స్ కీపర్' కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ, తండ్రి ఇంట్లో లేని తన బాల్యం గురించి మాట్లాడాడు. నిజాయితీగా చెప్పిన మాటే. కానీ ఆ మాటను పట్టుకుని, నల్లజాతి తండ్రులు పిల్లల్ని పట్టించుకోరు కనక ఈ గతి అని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2013లో వెలువరించిన అధ్యయనం అందుకు విరుద్ధంగా చెప్పింది. పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రులు వాళ్లకు తినిపించడంలో, స్నానం చేయించడంలో, హోంవర్కు చేయించడంలో మిగతా జాతుల తండ్రులకు ఏమాత్రం తీసిపోరు. కొన్నిటిలో ముందున్నారు కూడా.

కొరత ఉన్న మాట నిజం. ఆ కొరతను తెచ్చిపెట్టినవాళ్లూ ఉన్నారు. 1954 నాటి బ్రౌన్ తీర్పుతో బడుల్లో జాతి విభజన చెల్లదన్నాక, దక్షిణాది రాష్ట్రాలు నల్లపిల్లల బడులు మూసి, వాళ్లను తెల్లవాళ్ల బడుల్లో కలిపాయి. పంతుళ్లను మాత్రం కలపలేదు. దాదాపు 38,000 మంది నల్లజాతి ఉపాధ్యాయులు, హెడ్మాస్టర్ల ఉద్యోగాలు పోయాయి. పేటలో పిల్లవాడు పక్కదారి పడితే చెవి మెలిపెట్టి తల్లిదండ్రుల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు వాళ్లే. ఒక తరం మొత్తం అలా తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత జైళ్లు నిండాయి. 25 నుంచి 54 ఏళ్ల మధ్య ఉండవలసిన నల్లజాతి మగవాళ్లలో 15 లక్షల మంది జైలుపాలై గానీ, అకాల మరణం పాలై గానీ సమాజంలో కనిపించకుండా పోయారని న్యూయార్క్ టైమ్స్ 2015లో లెక్కగట్టింది.

దీనితో కలిపి చదవాల్సింది ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో ప్రకటించిన పరిశోధన. దాదాపు 2 కోట్ల మంది పిల్లల వివరాలు చూస్తే, ఒకే ఆదాయం ఉన్న ఇళ్లలో పెరిగినా, పెద్దయ్యాక నల్ల అబ్బాయిలు తెల్ల అబ్బాయిలకంటే చాలా తక్కువ సంపాదిస్తున్నారు. ఆ తేడా తక్కువగా ఉన్న పేటల్లో పేదరికం తక్కువ, తెల్లవాళ్లలో జాతి ద్వేషం తక్కువ, నల్లజాతి తండ్రులు ఎక్కువ. ఆ తండ్రి తన సొంత తండ్రే కానక్కర్లేదు. వీధిలో పొద్దున్నే పనికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే పక్కింటి నాన్న కనిపించినా ఆ పిల్లవాడికి మేలు జరుగుతోంది. అలాంటి పేటల్లో పెరిగే అదృష్టం నూటికి అయిదుగురు నల్లపిల్లలకు కూడా లేదు.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలతో ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1965కు ముందు భారతదేశం నుంచి ఏడాదికి వంద మందికే అక్కడ వలస కోటా ఉండేది. ఓటుహక్కు చట్టం వచ్చిన ఆ ఏడాదే, నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులోనే వలస చట్టమూ మారింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ తర్వాతే వెళ్లారు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించకూడదని తీర్పిచ్చింది. హార్వర్డ్ మీద వేసిన ఆ దావాలో ముందు పెట్టిన వాదన ఆసియా సంతతి పిల్లలకు అన్యాయం జరుగుతోందని. ఆ తీర్పు తర్వాత నల్లజాతి యువకుల కోసమని పేరు పెట్టుకున్న కార్యక్రమాలు భయంతో పేర్లు మార్చుకుంటున్నాయి, కొన్ని ముడుచుకుపోతున్నాయి. మన పిల్లల పేరు చెప్పి జరిగే ఈ పనికి మనం ఊఁ కొట్టకూడదు. మనకు తలుపు తీసినవాళ్ల మనవల ముఖాన తలుపు వేయించే వాదనలో మనకు చోటు ఉండకూడదు.

నేనైతే ఈ రంగంలో డబ్బు మొదట పెట్టవలసింది బడిలో అంటాను. నార్త్ కరొలైనాలో దాదాపు లక్ష మంది పిల్లల రికార్డులు చూసిన పరిశోధకులకు, మూడు నుంచి అయిదో తరగతి లోపు ఒక్క నల్లజాతి టీచరైనా చదువు చెప్పిన పేద నల్ల అబ్బాయిలు హైస్కూలు మధ్యలో మానేసే అవకాశం 39 శాతం తక్కువని తేలింది. ఒక్క టీచరు, ఒక్క ఏడాది. అయినా అమెరికా ప్రభుత్వ బడుల టీచర్లలో నల్లజాతి మగవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

సౌత్ కరొలైనాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం 2000లో ఆ రాష్ట్రంలోని మూడు నల్లజాతి కాలేజీలతో కలిసి 'కాల్ మి మిస్టర్' అనే పథకం పెట్టింది. ప్రాథమిక పాఠశాల టీచర్లుగా పనిచేస్తామనే యువకులకు ఫీజు కడతారు, కలిపి ఉంచుతారు, చదివిస్తారు. ఎన్నేళ్లు సాయం పొందితే అన్నేళ్లు వాళ్లు బడిలో పాఠం చెప్పాలి. క్లెమ్సన్ కాంపస్ ఉన్న నేల, బానిసత్వం మంచిదేనని సెనేట్‌లో నిలబడి వాదించిన జాన్ కాల్‌హూన్ తోట. 1963 దాకా అక్కడ ఒక్క నల్లజాతి విద్యార్థికీ ప్రవేశం లేదు. ఇప్పుడు ఆ నేల మీంచి ఏటా కొందరు యువకులు మూడో తరగతి గదుల్లోకి వెళ్తున్నారు. ఆ కొందరు వేలు కావాలి. ఇంటిల్లిపాదినీ పోషించుకోగల జీతం వాళ్లకు ఆ బడిలోనే దొరకాలి.