సికింద్రాబాద్ ప్రజలారా! ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్క మాట



2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది మన దగ్గరే. మహేంద్ర హిల్స్‌లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దుబాయ్ వెళ్లొచ్చి జబ్బుపడి గాంధీ ఆస్పత్రిలో చేరారు. ఆయన్ని పట్టుకున్న వైరస్ కంటే ముందే పుకారు మన ఇళ్లలోకి వచ్చేసింది. చికెన్ తింటే కరోనా వస్తుందని ఎవరో రాశారు, మనం పంపించాం. కోళ్ల ఫారాలవాళ్లు నిండా మునిగారు. ఫిబ్రవరి 28న హుస్సేన్‌సాగర్ ఒడ్డున అప్పటి మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. గాంధీలో చేరిన ఆ యువకుడు కోలుకుని రెండు వారాల్లోనే ఇంటికి వెళ్లారు.

అంతకు రెండేళ్ల ముందు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, ఆడియోలు వరదలా వచ్చాయి. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. రంజాన్ నెల కదా, నాలుగు రూపాయలు దొరుకుతాయని నగరానికి వచ్చిన మనిషి ఆమె. రాళ్లు వేసినవాళ్లలో ఒక్కరైనా ఆ వీడియో ఎక్కడిదని అడిగి ఉంటే?

అదే నెల, అవే వీడియోలు గద్వాల పల్లెలకూ వెళ్లాయి. అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను కేటాయించారు. పోలీసులు డప్పు కొట్టి, పాటలు పాడి, రచ్చబండ దగ్గర కూర్చుని ఆ వీడియోలు అబద్ధమని విడమరిచి చెప్పారు. అనుమానం వస్తే ఫోన్ చేయడానికి తెలిసిన మనిషి ఒకరున్నారని ఊళ్లకు ధైర్యం వచ్చింది. అక్కడ ప్రాణాలు నిలిచాయి.

2022 జూన్ 17 మనమెవ్వరం మరచిపోలేదు. మన స్టేషన్‌లో రైలు బోగీలు కాలాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరాలనుకున్న ఆ పిల్లలకు అగ్నిపథ్ పథకం మీద ఉన్న బాధ నిజమైనదే. వాళ్లను అక్కడికి చేర్చినవి వాట్సాప్ గ్రూపులని పోలీసులు చెప్పారు. ఆర్మీ ఉద్యోగం కోసం తెల్లవారుజామున లేచి పరుగులు పెట్టిన పిల్లలు కేసుల పాలయ్యారు.

ఇవన్నీ చూశాక చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు: ఏ పక్షమూ లేని పత్రిక ఒక్కటి చెప్పండి, అదే చదువుకుంటాం అని. అలాంటి పేరు ఒకటి చెప్పి చేతులు దులుపుకుంటే మేమూ మిమ్మల్ని మోసం చేసినట్టే. పత్రిక ఎవరిదో తెలుసుకుని చదవండి. 'సాక్షి'ని 2008లో పెట్టింది వైఎస్ జగన్ కుటుంబం. 'నమస్తే తెలంగాణ' బీఆర్ఎస్ నాయకత్వానికి దగ్గరిది. 'విశాలాంధ్ర' సీపీఐ పత్రిక, 'నవ తెలంగాణ' సీపీఎం వైపుది, 'వెలుగు' వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఇందులో రహస్యమేమీ లేదు. ఎవరి పత్రికో తెలిసి చదివేవాణ్ని ఎవరూ తేలిగ్గా బుట్టలో వేయలేరు. తెలియకుండా చదివితేనే చిక్కు.

ఒక పని చేసి చూడండి. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. ఆ రోడ్డు గురించి ఎప్పుడు వార్త వచ్చినా, ఒకరికొకరు పడని రెండు పత్రికలు కొని పక్కపక్కన పరచండి. ఒకదానిలో తీరబోయే ట్రాఫిక్ కష్టాలే పెద్దక్షరాల్లో ఉండొచ్చు, ఇంకోదానిలో దుకాణం పోతుందని ఏడ్చే మనిషి ఫొటో ఉండొచ్చు. రెండూ నిజమే కావచ్చు. రెండింటిలోనూ ఒకేలా ఉన్న తేదీ, పొడవు, ఖర్చు కింద గీత గీయండి. ఒకరు రాసి మరొకరు వదిలేసింది ఏమిటో చూడండి, దాని గురించే అడగాలి. ఏ అధికారి చెప్పారో పేరుందా? ఏ కాగితం చూసి రాశారో ఉందా? ఎవరి మీద ఆరోపణ చేశారో వాళ్ల మాట కూడా వేశారా? ఇవి లేని వార్త ఎంత పెద్ద పత్రికలో వచ్చినా, మన పార్టీకి ఎంత తియ్యగా ఉన్నా, ఇంకా వార్త కానట్టే లెక్క.

పేపరు చివరి పేజీ అడుగున చీమల బారులా చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, ప్రెస్ చిరునామా అందులో ఉంటాయి. తప్పు రాస్తే నిలదీయడానికి మనకు చట్టం ఇచ్చిన చిరునామా అది. మీ ఫోన్‌లోకి వచ్చిన వీడియో కింద అలాంటిది ఉందేమో వెతకండి. పేరూ ఊరూ లేనివాడి మాట పట్టుకుని పక్కింటివాళ్లతో తగువు పడదామా?

డబ్బు తీసుకుని రాసే వార్తల సంగతి కూడా చెప్పాలి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర సొమ్ము పుచ్చుకుని పొగడ్తల్ని వార్తలుగా అచ్చేసిన బాగోతంపై ప్రెస్ కౌన్సిల్ తరఫున ఇద్దరు నివేదిక రాశారు. వారిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. పత్రికల పేర్లతో సహా రాసిన ఆ పూర్తి నివేదికను 2010లో పక్కనపెట్టి, ముక్తసరిది బయటపెట్టారు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ అసలుది జనానికి అందలేదు. అందుకని ఎన్నికలప్పుడు ఒకే నాయకుడి గురించి పేజీ నిండా పొగడ్త కనిపిస్తే, పైన మూలన 'ప్రకటన' అన్న చిన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే మరీ జాగ్రత్తగా చదవండి.

ఈ నేలమీద నిజం రాయడం ఎన్నడూ తేలిక కాలేదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి తిట్లకు దిగలేదు. ఊరూరా వెతికి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి జవాబు చెప్పారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్ల దౌర్జన్యాల గురించి రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడలో, పత్రిక ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా దారికాచి చంపారు. రాసిన చేతిని నరికారు. అంత ఖరీదైన నిజాన్ని మనం బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి పాడుచేస్తున్నాం.

కాబట్టి మా విన్నపం. చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని వాట్సాప్ తానే గుర్తు పెట్టిన మెసేజ్ మీ దగ్గరే ఆగిపోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు పంపితే పదిమందిలో చిన్నబుచ్చకండి, ఫోన్ చేసి మెల్లగా చెప్పండి. అనుమానం ఉంటే మన హైదరాబాద్‌లోనే పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి నిజనిర్ధారణ సంస్థలు తెలుగులోనే రాస్తున్నాయి, చూడండి. పత్రిక తప్పు రాస్తే ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాయండి. దిద్దకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. దినపత్రికకైతే గడువు రెండు నెలలే, కోపం చల్లారేదాకా ఆగొద్దు.

చిలకలగూడలో, వారాసిగూడలో, సీతాఫల్‌మండిలో, లాలాగూడలో, బొల్లారంలో, మోండా మార్కెట్ చుట్టూ ఉన్న చాయ్ హోటళ్లలో, కటింగ్ షాపుల్లో ఒకటే పేపరు పడుతోంది. నలుగురు కలిసి చందా వేసుకుంటే ఎదుటిపక్షం పేపరు కూడా వేయించుకోవచ్చు. ఆదివారం పొద్దున ఒక్క గంట కూర్చుని రెండూ పైకి చదవండి. చదువు రాని అమ్మమ్మలూ వింటారు, వాళ్లు అడిగే ప్రశ్నలు చాలాసార్లు మనకు తట్టవు కూడా.

1905లోనే మన సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిసింది. నిజాం రోజుల్లో, తెలుగు చదువుకే దిక్కులేనప్పుడు, మన పెద్దలు పైసా పైసా కూడగట్టుకుని నిలబెట్టుకున్నారు. ఇవాళ కార్పొరేషన్‌కు మనం కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. ఆ డబ్బు మనది. మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. అన్ని పక్షాల తెలుగు పత్రికలూ, ఉర్దూ, ఇంగ్లిష్ పత్రికలూ బల్లమీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే లైబ్రేరియన్‌కు కాగితం మీద రాసివ్వండి, కింద బస్తీవాళ్లందరి సంతకాలు పెట్టించండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని నెలలో మళ్లీ వెళ్లి అడగండి.

ఇట్లు,
సికింద్రాబాద్ పాఠకులు